మిరపకాయ కొరికినా రామచిలుకకి కారం ఎందుకు తగలదు? హాలహర్వి చేలల్లో రాష్ట్ర పక్షి అసలు మెనూ ఇదే..!

పొద్దున ఆరు దాటిందంటే చాలు.. హాలహర్వి చుట్టుపక్కల చేల మీద ఒకటే గోల. "కీ.. కీ.. కీ.." అని అరుపు వినిపించి తలెత్తేలోపే పచ్చటి గుంపు బాణంలా దూసుకుపోతుంది. పది నిమిషాల తర్వాత చూస్తే ఆ గుంపు జొన్న కంకుల మీద వాలి ఉంటుంది. ఆకుల మధ్య ఆకుల్లా కలిసిపోతాయి కాబట్టి ఎన్ని ఉన్నాయో లెక్క తేలదు. చప్పట్లు కొడితేనో, డబ్బా మోగిస్తేనో ఒక్కసారిగా లేస్తాయి. అప్పుడు గానీ రైతుకి అసలు సంగతి అర్థం కాదు.

రామచిలుక. పెళ్లి కార్డుల మీద, ముగ్గుల్లో, పట్టుచీర అంచుల్లో, చిన్నపిల్లల అక్షరాల పుస్తకంలో కనిపించే పక్షి. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో ఆ హోదా పాలపిట్టది. రాష్ట్రం విడిపోయాక పాలపిట్ట తెలంగాణకు వెళ్లింది. ఏపీ రామచిలుకను ఎంచుకుంది. రాష్ట్ర జంతువు కృష్ణజింక, రాష్ట్ర వృక్షం వేప.

పశ్చిమ కర్నూలులో మాత్రం ఈ లిస్టు చదివితే రైతులు నవ్వుతారు. ఎందుకంటే ఆలూరు, హాలహర్వి, ఆదోని వైపు మొలక దశలో చేను మేసేది కృష్ణజింకల మంద. అది తప్పించుకుని గింజ పట్టే దశకు వస్తే దిగేది రామచిలుకల గుంపు. అంటే రాష్ట్ర జంతువు, రాష్ట్ర పక్షి.. రెండూ ఒకే రైతు చేలో డ్యూటీ చేస్తున్నాయన్నమాట!

అసలు ఈ పక్షి ఎలా ఉంటుంది? ఏం తింటుంది? పంజరంలో కాకుండా బయట బతికే చిలకకి, మనకి తెలిసిన చిలకకి తేడా ఏంటి?

మెడలో హారం.. కానీ అది మగదానికే

రామచిలుక ముక్కు కొస నుంచి తోక చివరి దాకా దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది. వినడానికి పెద్ద పక్షిలా అనిపిస్తుంది కానీ అందులో సగానికి పైగా తోకే. బరువు చూస్తే 100 నుంచి 140 గ్రాముల మధ్య. అంటే చేతిలోకి తీసుకుంటే ఓ మోస్తరు జామకాయంత బరువు. ఆ సన్నటి పొడవాటి తోక ఎగిరేటప్పుడు నీలం కలిసిన పచ్చగా, అడుగు భాగాన పసుపుగా కనిపిస్తుంది.

ఇక అందరికీ తెలిసిన ఆ హారం సంగతి. గడ్డం కింద నల్లటి గీత మొదలై మెడ చుట్టూ తిరుగుతుంది. మెడ వెనక్కి వెళ్లేసరికి దానికి గులాబీ రంగు పట్టీ తోడవుతుంది. ఇంగ్లిష్‌లో దీన్ని రోజ్ రింగ్డ్ ప్యారాకీట్ అనడానికి కారణం ఆ గులాబీ వలయమే. అయితే ఈ నగ మగ చిలుకకి మాత్రమే. ఆడదానికి మెడ అంతా పచ్చగానే ఉంటుంది, మహా అయితే లేత పచ్చ గీతలాంటిది లీలగా కనిపిస్తుంది. పిల్లలు కూడా అచ్చం తల్లిలాగే ఉంటాయి. మగ పిల్లకి పూర్తి హారం రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి హారం లేని చిలక కనిపించగానే "ఇది ఆడది" అని తేల్చేయకూడదు. అది ఇంకా ఎదగని మగది కూడా కావచ్చు.

ముక్కు విషయంలోనూ ఒక చిన్న తిరకాసు ఉంది. బొమ్మల్లో చిలక ముక్కు మొత్తం ఎర్రగా వేస్తారు. కానీ దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉండే రామచిలుకకి పై ముక్కు మాత్రమే ఎరుపు, కింది ముక్కు నలుపు. ఉత్తరాదిలో ఉండే రకానికి కింది ముక్కు కూడా ఎర్రగానే ఉంటుంది. ఈసారి చెట్టు మీద కనిపిస్తే గమనించండి.. కంటి చుట్టూ సన్నటి ఎర్రటి అంచు, లోపల పాలిపోయిన పసుపు రంగు కనుపాప కూడా ఉంటాయి.

సరిహద్దు ఊళ్లలో కన్నడ మాట్లాడే ఇళ్లలో దీన్నే గిణి అంటారు. పేరు ఏదైనా పక్షి ఒకటే. కాకపోతే చిలకలన్నీ రామచిలుకలు కావు. తల మొత్తం ముదురు గులాబీ-ఊదా కలిసిన రంగులో, ముక్కు పసుపుగా ఉండి, కాస్త చిన్నగా కనిపిస్తే అది వేరే జాతి.. ప్లమ్ హెడెడ్ ప్యారాకీట్. దాని ఆడపక్షి తల బూడిద రంగులో ఉంటుంది. గుట్టలు, అడవి అంచులు దానికి ఇష్టం. అదే రామచిలుకలాగే ఉండి, దానికంటే బాగా పెద్దగా, భుజం మీద ముదురు ఎరుపు మచ్చతో, బండ ముక్కుతో ఉంటే అది అలెగ్జాండ్రిన్ ప్యారాకీట్. గ్రీకు చక్రవర్తి అలెగ్జాండర్ పేరు దానికి అలా అతుక్కుపోయింది. ఇక్కడి చేల మీద గుంపులుగా దిగేది మాత్రం ఎక్కువగా హారం ఉన్న మన రామచిలుకే.

పచ్చ రంగు నిజంగా పచ్చ కాదు!

ఇది కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. చిలక ఈకల్లో పచ్చ రంగు పదార్థం అంటూ ఏదీ ఉండదు. ఈకలో ఉండేది పసుపు రంగు. దాని లోపలి సన్నటి నిర్మాణం వెలుతురును విరిచి నీలం రంగును వెనక్కి పంపిస్తుంది. పసుపు, నీలం కలిస్తే పచ్చ.. డ్రాయింగ్ క్లాసులో నేర్చుకున్న లెక్కే. పంజరాల్లో పెంచే విదేశాల్లో అక్కడక్కడా పూర్తి నీలం రంగు రామచిలుకలు పుట్టడానికి కారణం కూడా ఇదే. పుట్టుకతోనే పసుపు రంగు తయారు కాకపోతే మిగిలేది నీలమే.

ఆ పసుపు, ఎరుపు రంగులు చిలకల ఒంట్లోనే తయారవుతాయి. సైన్స్‌లో వీటిని సిట్టకోఫుల్విన్లు అంటారు, ఇవి చిలుకల జాతికే ప్రత్యేకం. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు అవి తినే తిండి నుంచి వస్తుంది. చిలక ఈకలకి అలా కాదు. పచ్చిమిర్చి పెడితే చిలక పచ్చగా అవుతుందని, పండుమిర్చి పెడితే హారం ఎర్రబడుతుందని చెప్పే మాటల్లో నిజం లేదు.

ముక్కు కాదు.. మూడో కాలు

చిలకను చిలకగా నిలబెట్టేది రంగు కాదు, ముక్కు. చాలా పక్షులకి పై ముక్కు పుర్రెకి బిగుసుకుని ఉన్నట్టే ఉంటుంది. చిలకకి అక్కడ మడత బందు లాంటి కీలు ఉంటుంది. అందుకే పై ముక్కు, కింది ముక్కు రెండూ విడివిడిగా కదులుతాయి. పై ముక్కు వంకీ పట్టుకుంటుంది, కింది ముక్కు ఉలిలా పని చేస్తుంది. మధ్యలో మందపాటి నాలుక గింజను అటూ ఇటూ తిప్పుతుంది. ఓ పొద్దుతిరుగుడు గింజ ఇస్తే పొట్టు ఒక పక్క, పప్పు ఒక పక్క.. క్షణాల్లో పని అయిపోతుంది. కొమ్మలెక్కేటప్పుడు కూడా ముక్కుతో పట్టుకుని పైకి లాక్కుంటుంది కాబట్టి అది దానికి మూడో కాలు కింద లెక్క.

కాళ్లు కూడా మామూలువి కావు. కాకికి, పిచ్చుకకి మూడు వేళ్లు ముందుకి, ఒకటి వెనక్కి ఉంటాయి. చిలకకి రెండు ముందుకి, రెండు వెనక్కి. పటకారు పట్టు అన్నమాట. ఒక కాలి మీద నిలబడి, ఇంకో కాలితో కాయ పట్టుకుని, మనిషి మొక్కజొన్న పొత్తు తిన్నట్టు తిప్పుకుంటూ తింటుంది.

ఈ రెండు పనిముట్ల వల్లే దాని మెనూ అంత పెద్దది. పిచ్చుక తినలేని గట్టి పెంకు గింజను చిలక పగలగొడుతుంది. కాకి పట్టుకోలేని సన్నటి కాయను చేత్తో తీసుకున్నట్టు తీసుకుంటుంది. దాదాపు పూర్తి శాకాహారి. గింజలు, కాయలు, పళ్లు, పూరేకులు, మొగ్గలు, పూలలోని తేనె.. ఇదే దాని బతుకు.

హాలహర్విలో ఏడాది పొడవునా మెనూ

జూన్ నాటికి వేపపళ్లు పండి రాలడం మొదలవుతుంది. ఊరి మధ్యలో, బడి ఆవరణలో, కాలువ గట్టున ఎక్కడ వేపచెట్టుంటే అక్కడ చిలకలు కనిపిస్తాయి. రాష్ట్ర వృక్షం మీద రాష్ట్ర పక్షి.. ఆ ఒక్క ఫొటో మాత్రం ఎవరికీ నష్టం లేనిది.

సెప్టెంబర్, అక్టోబర్ వచ్చేసరికి సజ్జ, కొర్ర, తొలకరి జొన్న గింజ పడతాయి. వేరుశనగ పీకి కుప్పలు పోసే రోజులు కూడా అవే. కుప్ప మీద వాలి కాయ ఒలుచుకుని తినడం చిలకకి చాలా తేలిక. శీతాకాలంలో కంది కాయలు, గట్ల మీద రేగుపళ్లు, దొడ్లలో జామకాయలు. సంక్రాంతి అటూ ఇటూగా రబీ జొన్న పాలు పోసుకుంటుంది. చిలకలకి అసలు పండగ అప్పుడే. గట్టిపడిన గింజ కంటే పాలు పట్టిన లేత గింజ అంటేనే దానికి మోజు. పొద్దుతిరుగుడు వేసిన చోట పువ్వు మీదే కూర్చుని, తల కిందికి వంచి, అంచు నుంచి లోపలికి ఒక్కో గింజా లాగేస్తుంది.

ఫిబ్రవరి, మార్చిలో బూరుగు, మోదుగ పూస్తాయి. పూరేకులు కొరికి లోపల తేనె పీల్చుకుంటాయి. చెట్టు కింద రాలిన పూలు కనిపిస్తే గాలికి రాలాయనుకుంటాం, చాలాసార్లు అది చిలకల పనే. తర్వాత ఎండలు ముదిరేకొద్దీ సీమచింత కాయలు, మర్రి, రావి, మేడి పళ్లు, మామిడి. ఏ నెలలోనూ వంటగది ఖాళీగా ఉండదు.

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. చిలక అనగానే గుర్తొచ్చే జామకాయ గానీ, మిరపకాయ గానీ మన నేలవి కావు. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పోర్చుగీసు ఓడలు తిరగడం మొదలైన 16వ శతాబ్దం తర్వాతే ఇక్కడికి చేరాయి. పొద్దుతిరుగుడు, వేరుశనగ, మొక్కజొన్న, సీమచింత.. ఇవన్నీ కూడా అటు నుంచి వచ్చినవే. అంతకుముందు చిలక తిన్నది జొన్న, సజ్జ, కంది, మర్రిపళ్లు, మామిడిపళ్లు. కొత్త పంట ఏది వచ్చినా దానికి కొత్త కూర దొరికినట్టే. ఎంత సర్దుకుపోతుందంటే, పంజరాల నుంచి తప్పించుకున్న రామచిలుకలు ఇప్పుడు లండన్ పార్కుల్లో గుంపులు గుంపులుగా బతుకుతున్నాయి. చలి దేశంలో ఇళ్ల పెరట్లో పక్షుల కోసం పెట్టే గింజలు తిని వేల సంఖ్యకు చేరాయి.

మరి మిరపకాయ కారం సంగతేంటి?

తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు, బోర్లు ఉన్న చోట ఈ ప్రాంతంలో మిర్చి గట్టిగానే వేస్తారు. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే బ్యాడిగి రకం మీద సరిహద్దు రైతులకి మోజు. కారం తక్కువ అయినా, ఎక్కువ అయినా చిలకకి ఒకటే. దానికి కారం అనే సంగతే తెలియదు.

మిరపలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. మన నోట్లో, చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంటుంది, దాని పేరు టీఆర్‌పీవీ1. వేడి వేడి టీ నాలుక కాల్చినప్పుడు మెదడుకి కబురు పంపేది అదే. క్యాప్సైసిన్ వెళ్లి సరిగ్గా దానికే అతుక్కుంటుంది. దాంతో నిజంగా కాలకపోయినా "కాలిపోతోంది" అని మెదడుకి కబురు వెళుతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించింది అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం. ఈ పరిశోధనలకే 2021లో ఆయనకు, స్పర్శ మీద పని చేసిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

పక్షులకీ ఇదే గ్రాహకం ఉంది. వేడి తగిలితే వాటికీ తెలుస్తుంది. కానీ దాని నిర్మాణంలో చిన్న తేడా వల్ల క్యాప్సైసిన్ దానికి పట్టదు. 2002లో జూలియస్ బృందమే కోడి గ్రాహకం మీద పరీక్షించి ఈ సంగతి తేల్చింది. అందుకే కోడి అయినా, చిలక అయినా పండుమిర్చిని పండులాగే తినేస్తాయి.

దీని వెనక మిరప మొక్క లాభం కూడా ఉంది. ఎలుక లాంటి జంతువులు కాయ తింటే పళ్లతో గింజను నమిలి పాడు చేస్తాయి. పక్షి తింటే గింజ చెక్కుచెదరకుండా రెట్టలో బయటపడి, దూరంగా ఎక్కడో మొలుస్తుంది. అమెరికాలోని అరిజోనాలో అడవి మిరప మీద చేసిన పరిశోధన 2001లో ఇదే చూపించింది. కారం అంటే ఎలుకలకు "నో ఎంట్రీ" బోర్డు, పక్షులకు మాత్రం గేటు తెరిచే ఉంటుంది. కాకపోతే చిలక ఇక్కడ కూడా మొక్కకి టోకరా ఇస్తుంది. మిగతా పక్షుల్లా గింజను మింగేయదు. ముక్కుతో చితక్కొట్టి లోపల పప్పు తినేస్తుంది, కాబట్టి అది మొలిచే ఛాన్స్ చాలా తక్కువ.

రైతుకి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. కారం కలిపిన నీళ్లు చేను మీద పిచికారీ చేస్తే చిలకలు రావని కొందరు చేస్తుంటారు. ఏనుగులు, ఉడతల లాంటి జంతువుల మీద ఆ చిట్కా పనిచేస్తుంది. చిలకల మీద పనిచేయదు. కూలి, కారం రెండూ దండగ.

తినేది తక్కువ.. పారేసేది ఎక్కువ

చిలక కడుపు చిన్నది. 120 గ్రాముల పక్షి రోజుకి తినేది గ్రాముల్లోనే. మరి నష్టం ఎందుకంత కనిపిస్తుంది? దాని తిండి అలవాటే అంత. జామకాయని రెండు కొరుకులు కొరికి వదిలేస్తుంది, పక్క కాయకి వెళుతుంది. కంకి మీద కూర్చుని నాలుగు గింజలు ఒలిస్తే మరో నాలుగు కింద రాలతాయి. ఆ రాలినవాటి కోసం కింద చీమలు, ఉడతలు, పావురాలు కాచుకుని ఉంటాయి. అడవిలో అయితే ఇది బాగానే నడుస్తుంది, చెట్టెక్కలేని జీవాలకి పైనుంచి భోజనం పడినట్టే. అదే రెండెకరాల జొన్న చేలో అయితే ఆ రాలిన ప్రతి గింజా ఒకరి పెట్టుబడి.

ఇంకో కష్టం కూడా ఉంది, ఇది లెక్కల్లో కనిపించదు. ఒకప్పుడు ఈ నల్లరేగడి నేలల్లో ఎటు చూసినా జొన్నే. వెయ్యి చిలకలు వచ్చినా వందల ఎకరాల మీద సర్దుకునేవి, ఏ ఒక్క రైతుకీ పెద్దగా తెలిసేది కాదు. ఆదోని మార్కెట్‌కి పత్తి, బ్యాడిగికి మిర్చి వెళ్లడం పెరిగాక జొన్న విస్తీర్ణం తగ్గింది. పత్తి కాయ చిలకకి పనికిరాదు. దాంతో చుట్టూ పత్తి ఉండి మధ్యలో ఒక్కరే జొన్నో, పొద్దుతిరుగుడో వేస్తే గుంపు మొత్తం ఆ ఒక్క చేను మీదే పడుతుంది. పక్షుల బాధకి జొన్న మానేశామనే రైతులు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. వాళ్లు మానేసే కొద్దీ మిగిలిన వాళ్ల మీద భారం ఇంకా పెరుగుతుంది. పశువులకి చొప్ప దొరక్కపోవడం అదనం.

పట్టుకుంటే జైలే.. చాలామందికి తెలియని రూల్

కోపంతో వల వేయడం, మందు పెట్టడం లాంటివి చేస్తే మాత్రం రైతే ఇరుక్కుంటాడు. రామచిలుకకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది. పట్టినా, చంపినా, అమ్మినా, పంజరంలో పెంచినా నేరమే. మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పంట నష్టం మరీ మితిమీరితే చర్య తీసుకునే అనుమతి ఇచ్చే అధికారం చట్టం ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి ఉంటుంది. అది రైతు సొంతంగా తీసుకునే నిర్ణయం కాదు.

ఈ రూల్ చేలకంటే ఎక్కువగా సంతల్లో ఉల్లంఘన అవుతోంది. చిలక జోస్యం చెప్పేవాళ్ల దగ్గర పెట్టెలో రెక్కలు కత్తిరించి ఉండేది, బంధువుల ఇంటి వసారాలో "రాము.. రాము.." అని పలికేది దాదాపుగా గూట్లోంచి తీసిన పిల్లలే. పెంపుడు దుకాణాల్లో అమ్మే లవ్ బర్డ్స్ విదేశీ జాతులు, వాటి లెక్క వేరు. రామచిలుక స్వదేశీ పక్షి, దాని వ్యాపారం దేశమంతా నిషేధం.

గూళ్లు దొరికే తీరు కూడా దీనికి శాపమే. చిలక సొంతంగా గూడు అల్లదు. వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రనో, ముసలి చెట్టులో పుచ్చిన రంధ్రాన్నో, పాత కోట గోడల్లో సందునో చూసుకుని కాస్త చెక్కి పెద్దది చేసుకుంటుంది. శీతాకాలం చివరి నుంచి ఎండాకాలం మొదటి దాకా అందులో మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. మూడు వారాలకు పైగా పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి మరో ఆరేడు వారాలు. అన్ని రోజులూ తల్లీ తండ్రీ పొట్టలో నానబెట్టిన మెత్తటి గింజల ముద్దను కక్కి నోట్లో పెడతాయి. అదే తొర్రకి మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి పట్టేవాడికి చెట్టు గుర్తుంటే చాలు. పిల్లల కోసం తొర్రను గొడ్డలితో నరికేస్తే వచ్చే ఏడాది ఆ గూడే ఉండదు. మైదానంలో పెద్ద చెట్లు ముందే తక్కువ.

చంపకుండా చేను ఎలా కాపాడుకోవాలి?

పాత పద్ధతులు అందరికీ తెలిసినవే. మంచె, వడిసెల, డబ్బా, దిష్టిబొమ్మ. ఇందులో దిష్టిబొమ్మ అన్నిటికంటే బలహీనం. చిలక తెలివైన పక్షి, రెండు మూడు రోజుల్లో బొమ్మ కదలదని కనిపెట్టేస్తుంది. మనిషి కాపలా ఉండే చోట మాత్రం నష్టం బాగా తగ్గుతుంది. అయితే రోజంతా అక్కర్లేదు. చిలకలు ఎక్కువగా తినేది తెల్లారిన తర్వాత రెండు మూడు గంటలు, మళ్లీ సాయంత్రం చీకటి పడేలోపు. మధ్యాహ్నం నీడలో కూర్చుంటాయి. గింజ పాలు పట్టినప్పటి నుంచి గట్టిపడే దాకా ఉండే ఆ మూడు వారాలే కీలకం.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పంటల మీద పడే పక్షుల గురించి పరిశోధించే కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తోంది. అక్కడ పరీక్షించి రైతులకి సూచించిన వాటిలో తక్కువ ఖర్చుది మెరిసే రిబ్బన్. ఒక వైపు ఎరుపు, ఇంకో వైపు వెండి రంగు ఉండే సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఇది. చేను పైన కర్రలకి మెలితిప్పి కడితే ఎండకి మెరుస్తుంది, గాలికి గుయ్‌మని మోగుతుంది. ఆ మెరుపు, మోత కలిస్తే పక్షులు బెదురుతాయి. మొక్కజొన్నలో అయితే గట్టు వెంట రెండు మూడు వరుసలు ఒత్తుగా వేసి అడ్డుగోడలా చేయడం, కండెను ఆ మొక్క ఆకులతోనే చుట్టేయడం కూడా పనిచేస్తాయి. జామ, దానిమ్మ తోటల్లో కాయకి సంచి కట్టడం, పైన వల పరచడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ వల పిట్టలు చిక్కుకుని చచ్చేలా వేలాడకుండా బిగుతుగా కట్టుకోవాలి.

వీటన్నిటికంటే గట్టి మందు మాత్రం ఒక్క రైతు చేతిలో లేదు. పక్కపక్క చేల వాళ్లు మాట్లాడుకుని ఒకే వారంలో జొన్న విత్తితే గింజ అందరికీ ఒకేసారి పడుతుంది, గుంపు చీలిపోతుంది, ఎకరానికి పడే దెబ్బ తగ్గుతుంది. ఒకరు పది రోజులు ముందు, ఒకరు పది రోజులు వెనక వేస్తే చిలకలకి నెల రోజుల విందు దొరికినట్టే.

రిబ్బన్ విషయంలో చివరిగా ఒక జాగ్రత్త. విత్తిన రోజే కట్టేసి వదిలేస్తే చిలకలు దానికీ అలవాటు పడిపోతాయి. పాలు పోసుకోవడం మొదలయ్యే ముందు రోజుల్లో కట్టి, నాలుగైదు రోజులకోసారి చోటు మార్చి, కోత అవ్వగానే విప్పేసి దాచుకుంటే వచ్చే పంటకీ పనికొస్తుంది.